నలభై రెండు ఫొటోల్లో లేని మచ్చ

వర్క్‌షాపు పైన గది
మార్చి 4

ప్రియమైన శ్రీవారికి,

మీ భార్య నమస్కరించి రాయునది. చూశావా, ఎంత పద్ధతిగా మొదలుపెట్టానో? ఎనిమిదేళ్ల పరిచయంలో నిన్ను ఒక్కసారి కూడా 'మీరు' అన్న పాపాన పోలేదు. కానీ ఈ ఉత్తరాన్ని వీసా ఆఫీసువాళ్లు ఎవరిచేతో అనువాదం చేయించుకుని చదువుతారట. మనం మర్యాదస్తులమైన దంపతులమని వాళ్లకు తెలియాలి కదా. అనువాదం చేసే మహానుభావా, మీకూ నమస్కారం. మా ఆయన బంగారం. ఈ మాట రెండుసార్లు రాసుకోండి.

లాయరుగారు ఏమన్నారో విన్నావుగా. ఫోన్లో ఎంత మాట్లాడుకున్నా అది లెక్కలోకి రాదట. కాగితం మీద రాసి, స్టాంపు అంటించి, తారీకు ముద్ర పడితేనే మొగుడూ పెళ్లాలట. నెలకు ఒక్కొక్కటైనా ఉండాలన్నారు. సరే, రాస్తున్నాను. నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది.

ఆ ఫారం చూశావా? అరవై నాలుగు పేజీలు. మీరిద్దరూ మొదటిసారి ఎక్కడ కలిశారు? స్టూడియో కౌంటరు దగ్గర, నా పాస్‌పోర్టు ఫొటో మీద పోట్లాడుకుంటూ. ఇలా రాయొచ్చా? పెళ్లి మాట ముందు ఎవరు ఎత్తారు? నీ భర్తకు ఇష్టమైన రంగేమిటి? నీకు ఇష్టమైన రంగేదో నాకు తెలీదు. నీకైనా తెలుసా? నీలం అని రాసి పడేశాను. నువ్వూ నీలమే రాయి. తెలివి ఉపయోగించి ఆకుపచ్చ అన్నావంటే కొంప మునుగుతుంది.

ఎనిమిదేళ్లుగా ఈ దేశంలో కాళ్లు లేనివాళ్లకు కాళ్లు చేసి పెడుతున్నాను. కొలత తీసి, పిండికట్టు వేసి, అచ్చు పోసి, అరగదీసి, మనిషిని నిలబెట్టి పంపిస్తాను. ఆ పనికి నేను కావాలి, ఇక్కడి పౌరురాలివి కమ్మని కాగితం కూడా ఇచ్చారు. నా మొగుడు నా దగ్గరికి రావడానికి మాత్రం నేను రుజువులు చూపించాలి! పెళ్లయి ఏడాది దాటింది. అందులో మనం ఒక కప్పు కింద ఉన్నది ఇరవై ఆరు రోజులు. నాకిక ఓపిక లేదు. ఈ గదిలో రెండో కుర్చీ కొని నాలుగు నెలలైంది, దాని మీద ఉతికిన బట్టలు తప్ప ఎవరూ కూర్చోలేదు.

త్వరగా కాగితాలు సిద్ధం చేసి ఇచ్చెయ్. ఫొటోలు మర్చిపోకు. పెళ్లి ఫొటోలే అన్నిటికన్నా ముఖ్యమట.

నీ
భార్య (ఇంకా రుజువు కావలసి ఉంది)


స్టూడియో వెనక గది
మార్చి 19

కాళ్ల డాక్టరమ్మకు,

ఉత్తరం అందింది. నీలమే రాశాను. నిజానికి నాకు ఏ రంగైనా ఒకటే, రోజంతా రంగులతోనే కదా చావు.

కాగితాలన్నీ నిన్న ఇచ్చేశాను. కౌంటరులో ఆవిడ పేజీలు తిప్పి తిప్పి చూసి, ఒక్క లోపం కూడా పట్టుకోలేకపోయింది. ఆల్బం చూడాలి నువ్వు. నలభై రెండు ఫొటోలు ఏరాను. రిజిస్ట్రారు ముందు నువ్వు సంతకం పెడుతున్నది, నేను పెన్ను కోసం జేబులు వెతుక్కుంటున్నది, భోజనాల దగ్గర మా బావ రెండోసారి వడ్డించుకుంటున్నది, అన్నీ. ప్రతిదాని కిందా తారీకు, ఎవరెవరో, నాకేమవుతారో రాశాను. అట్ట కూడా నేనే వేశాను. అక్క చూసి చాలా మెచ్చుకుంది. ఆ ఆల్బం చూస్తే ఆ ఆఫీసరు తన పెళ్లాన్ని వెంటబెట్టుకుని మా స్టూడియోకి వచ్చేస్తాడు, రాసిపెట్టుకో.

ఇక ఏ దిగులూ పెట్టుకోకు. ఆ కుర్చీ మీది బట్టలు మడతపెట్టుకో.

నీ
నేను


స్టూడియో వెనక గది
జూలై 6

డాక్టరమ్మకు,

ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు, అందుకే రాస్తున్నాను. వీసా రాలేదు. కంగారుపడకు. ఫొటోల విషయంలో వాళ్లకేదో తేడా వచ్చిందట, అంతే. లాయరుగారితో మాట్లాడాను. అప్పీలుకు అవకాశం ఉంది. రెండు నెలల్లో నన్ను పిలిచి మాట్లాడతారట. ఇలాంటివి మామూలే అన్నారు.

నువ్వు మనసు పాడుచేసుకోకు. వేళకు తిను. కాగితాల సంగతి నేను చూసుకుంటాను, నువ్వేమీ తెప్పించుకోనక్కర్లేదు.

నేను


వర్క్‌షాపు పైన గది
జూలై 24

టచప్ మాస్టారికి,

మీ స్టూడియోలో అందరూ నిన్ను అలాగే పిలుస్తారు కదా. ఇక నుంచి నేనూ అంతే.

నీ ఉత్తరం చదివి ఐదు రోజులు ఆఫీసును తిట్టాను. పనిలో తిట్టాను, బస్సులో తిట్టాను, నాతో పనిచేసే ఆవిడ చెవులు చిల్లులు పడేలా తిట్టాను. పాపం, వాళ్లను ఊరికే తిట్టాను. నువ్వు తెప్పించుకోవద్దన్నావు కాబట్టే తెప్పించుకున్నాను. ఇవాళ వాళ్ల తిరస్కరణ పత్రం కాపీ వచ్చింది, ఫొటోల కాపీలతో సహా. నీకు నోరెందుకు రాలేదో అర్థమైంది.

అందులో ఏముందో నువ్వు చదివే ఉంటావు. అయినా మళ్లీ చదువు. "స్పాన్సరు గుర్తింపు పత్రాల్లో ఎడమ చెంపపై కనిపించే నల్లని పుట్టుమచ్చ నమోదై ఉంది. సమర్పించిన నలభై రెండు ఛాయాచిత్రాల్లో ఒక్కదానిలోనూ వధువుకు ఆ మచ్చ లేదు. వధువు వేరొకరైనా అయి ఉండాలి, లేదా ఛాయాచిత్రాలను మార్చి అయినా ఉండాలి. ఈ వివాహం నిజమైనదని మేము విశ్వసించలేకపోతున్నాము."

వాళ్లెందుకు విశ్వసిస్తారు? నేనైనా విశ్వసించను. చొక్కా గుండీ కన్నా పెద్దది నా మచ్చ. వీధి చివర నుంచి కనబడుతుంది. బడిలో చేర్పించిన రోజు మా నాన్న దరఖాస్తులో మొట్టమొదట రాయించింది నా పేరు కాదు, అదే. నలభై రెండు ఫొటోల్లోనూ చెంప తెల్లగా కడిగిన పళ్లెంలా ఉంది. ఎవత్తెరా ఆ పిల్ల? దాన్నే పెళ్లి చేసుకున్నావా? అయితే వీసాకు దాన్నే అడుగు!

నాకేం కోపమో తెలుసా? ఇది మొదటిసారి కూడా కాదు. ఎనిమిదేళ్ల కిందట పాస్‌పోర్టు ఫొటోకు మీ కౌంటరు ముందు కూర్చున్నప్పుడు ఇదే పని చేశావు. మచ్చ తీసేసి, "బాగా వచ్చింది మేడమ్" అన్నావు. నేను ఫొటోలు నీ ముఖాన కొట్టి మళ్లీ తియ్యమన్నాను. మర్నాడు నువ్వే ఇంటికి తెచ్చి ఇచ్చి క్షమించమన్నావు. ఆ మాట విని నిన్ను మంచివాడివనుకున్నాను, నా బుద్ధి తక్కువై.

ఎందుకు చేశావు? ఒక్క ముక్కలో చెప్పు. ఫోన్ చేయకు. నీ గొంతు వింటే అరుస్తాను, పక్కింటివాళ్లకు ఇబ్బంది.

మచ్చ ఉన్నది


స్టూడియో వెనక గది
ఆగస్టు 5

నీకు,

నువ్వు తిట్టిన తిట్లన్నిటికీ నేను తగినవాడినే. తప్పయిపోయింది. కానీ కావాలని చేసింది కాదు, నమ్ము.

మా పని నీకు తెలుసు. సీజనులో రోజుకు రెండు మూడు వందల ముఖాలు నా తెర మీదికి వస్తాయి. మొటిమ, మచ్చ, కళ్ల కింద నలుపు, చెమట, ఏది కనబడినా చెయ్యి దానంతటదే పోతుంది. తల వేరే ఏదో ఆలోచిస్తూనే ఉంటుంది. మన ఫొటోలు కూడా ఆ వరసలోనే వచ్చాయి, ఆ వరసలోనే పోయాయి. అది నీ ముఖమని కూడా నేను చూసుకోలేదు. చేతి అలవాటు, అంతకన్నా ఏమీ లేదు.

లాయరుగారికి ఇదే చెప్పాను. ఆయన ఎగిరి గంతేశారు. ఇంటర్వ్యూలో కూడా అదే చెప్పమన్నారు. వృత్తిరీత్యా అలవాటు, దురుద్దేశం లేదు, ఇంతే. మన చుట్టాల ఫోన్లలో ఉన్న ఫొటోలు ఇద్దామా అన్నాను. ఇస్తే ఇవ్వండి కానీ, వాళ్లు అడిగేది అది కాదన్నారు. ఎందుకు మార్చారు అన్నదొక్కటే అడుగుతారట. ఆ జవాబు నమ్మితే వీసా, నమ్మకపోతే అంతే సంగతులు. ఇంటర్వ్యూ సెప్టెంబరు 15న.

కోపం తగ్గించుకో. నాలుగు మంచి మాటలు రాయి, ఫైల్లో పెట్టుకోవాలి.

నేను


వర్క్‌షాపు పైన గది
ఆగస్టు 17

మాస్టారికి,

నాలుగు మంచి మాటలా? ఇదిగో, రాసుకో. నువ్వు అబద్ధం కూడా శుభ్రంగా ఆడలేవు.

మొన్న ఆదివారం నలభై రెండు ఫొటోల కాపీలూ నేల మీద పరిచి, మోకాళ్ల మీద పాకుతూ ఒక్కొక్కటీ చూశాను. నా పనే అది, సందుల్లో తేడాలు వెతకడం. పదకొండో ఫొటోలో నీ బట్టతల మీద లైటు పడి మెరిసిపోతోంది. దాని జోలికి పోలేదు నీ చెయ్యి. పంతొమ్మిదిలో మీ బావ బొజ్జ దగ్గర గుండీ ఊడి బనీను కనబడుతోంది. అదీ అలాగే ఉంది. రిజిస్ట్రారు మూడు ఫొటోల్లో కళ్లు మూసుకున్నాడు, నిద్రపోతున్నట్టే ఉన్నాడు. మీ అక్క ముక్కు మీద మొటిమ ఉంది, ఎర్రగా, ఇంత లావున. నీ చేతికి అలవాటని చెప్పావే, ఆ చెయ్యి అప్పుడేం చేస్తోంది? టీ తాగుతోందా?

నలభై రెండు ఫొటోల్లో మార్చింది ఒక్కటే. నా ఎడమ చెంప. వెనక వరసలో గోరంత కనబడిన చోట కూడా వెతికి మరీ తీశావు.

నా చెవిలో పువ్వులు పెట్టకు. నేను ఆఫీసరును కాదు. నీ తల వేరే ఏదో ఆలోచిస్తోందట! ఆ తల నా మచ్చ గురించే ఆలోచించింది, కూర్చుని, తీరిగ్గా, నలభై రెండుసార్లు. నిజం రాయి. ఎవరు చెప్పారు? ఎందుకు చేశావు? ఇంకో కాకమ్మ కథ రాశావంటే ఆ ఉత్తరం విప్పకుండా వెనక్కి పంపిస్తాను.

నేను


స్టూడియో వెనక గది
ఆగస్టు 28

నీకు,

రాస్తున్నాను. ఇది ఫైల్లో పెట్టే ఉత్తరం కాదు.

పెళ్లయిన మూడో రోజు. నువ్వు మీ పెద్దమ్మను చూసి వస్తానని వెళ్లావు, గుర్తుందా? నేను ఫొటోలు ప్రింటు వేసి ఇంటికి తెచ్చాను. అక్క ఒక్కొక్కటీ చూస్తూ బాగున్నాయి, బాగున్నాయి అంది. తర్వాత, "పిల్ల చక్కగా ఉందిరా, ఆ మచ్చ ఒక్కటే కంట్లో పడుతోంది. తీసెయ్, నీ చేతిలో పనేగా" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. అక్క ఊరుకోలేదు. "ఊళ్లోవాళ్ల ముఖాలన్నీ బాగుచేసేవాడివి, నీ పెళ్లాం ముఖం అలా వదిలేస్తే నలుగురూ ఏమనుకుంటారు" అంది.

తప్పు అక్క మీదికి తోసేయడానికి రాయడం లేదు ఇది. అక్క అనకపోయినా చేసేవాడినేమో. మా ఓనరు ఆ ఫొటోల్లో పెద్దది ఒకటి షోకేసులో పెడదామన్నాడు. రోడ్డు మీద పోయే ప్రతివాడూ ఆగి చూస్తాడు. నాకు సిగ్గనిపించింది. మనిద్దరమే ఉన్నప్పుడు ఆ మచ్చ నాకు కనబడనే కనబడదు. నలుగురి మధ్య పెట్టేసరికి అదొక్కటే కనబడింది. మర్నాడు స్టూడియో సెలవు. తలుపు వేసుకుని పొద్దుట నుంచి సాయంత్రం దాకా కూర్చుని అన్నీ చేశాను. అసలు ఫొటోల మీదే సేవ్ చేశాను, మళ్లీ ఎప్పుడూ కనబడకుండా.

నువ్వు తిరిగి వచ్చి ఆల్బం అడిగితే, అట్ట ఆరలేదని అబద్ధం చెప్పాను. నువ్వు వెళ్లిపోయేదాకా అట్ట ఆరలేదు.

ఇదీ జరిగింది. ఇంతకన్నా ఏం రాయాలో తెలియడం లేదు.

నేను


వర్క్‌షాపు పైన గది
సెప్టెంబరు 6

ఏమయ్యా,

నీ ఉత్తరం నిలబడి చదివాను. చదివి కింద వర్క్‌షాపులోకి వెళ్లి, ఆరిన అచ్చు ఒకటి సుత్తి పెట్టి పగలగొట్టాను. ఎలాగూ పగలగొట్టాల్సిందేలే. మామూలుగా నాలుగు దెబ్బలు చాలు. ఇవాళ పొడి అయ్యేదాకా కొట్టాను.

మీ అక్క అంటే నాకు కోపం లేదు. ఆవిడకు నా ముఖం నచ్చలేదు, ముఖం మీదే అంది. నా ముఖం మీద కాదు, నీ ముఖం మీద, అయినా దాచుకోకుండా అంది. నువ్వు నాతో ఇరవై ఆరు రోజులు ఒక్క మాట అనకుండా, పక్కన పడుకుని, ఆ చెంప మీద ముద్దుపెట్టి, తర్వాత వెళ్లి దాన్ని చెరిపేసి వచ్చావు. అట్ట ఆరలేదట! నాకు కడుపు మండిపోతోంది.

ఇవాళ ఒకావిడ కొలతకు వచ్చింది. మోకాలి కింద కాలు లేదు. కుట్లు వంకరగా అతుక్కున్నాయి, ఒకచోట గుంట, ఒకచోట గడ్డ. కర్టెన్ వెయ్యమంటారా అని అడిగాను. "ఎందుకమ్మా, నువ్వు సరిగ్గా చూడాలి కదా" అంది. సరిగ్గా చూడాలి. గుంట ఉన్నచోట గుంట, గడ్డ ఉన్నచోట గడ్డ, ఉన్నది ఉన్నట్టు అచ్చులోకి రావాలి. నున్నగా చేసి ఇస్తే చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది, ఆ మనిషి మాత్రం గుమ్మం దాకా కూడా నడవలేదు. ఈ చేతులతో ఈ పని చేసి పైకి వచ్చి, నీ ఉత్తరం మళ్లీ చదివాను. ఈసారి ఏడుపొచ్చింది. ఆ సంగతి నీకు చెప్పకూడదనుకున్నాను, చెప్పేశాను.

ఇక విను. పదిహేనో తారీకున ఆ గదిలో 'చేతి అలవాటు' అన్నావంటే మన సంగతి అంతే. లాయరు ఎన్ని చెప్పినా సరే. ఏం జరిగిందో అదే చెప్పు. నా పెళ్లాం ముఖం నలుగురికీ చూపించడానికి సిగ్గుపడ్డానని, ఆ మాటలతోనే చెప్పు. వీసా పోతే పోనీ. రానక్కర్లేదు. అబద్ధం చెప్పి సంపాదించిన వీసాతో నువ్వు ఈ గుమ్మం ఎక్కితే, నేను ఆ రెండో కుర్చీ కిటికీలోంచి బయట పారేస్తాను. నేను స్పాన్సరును. ఒక్క కాగితం రాస్తే అంతా వెనక్కి పోతుంది. రాస్తాను, నా సంగతి నీకు తెలుసు.

అరగంట పని మానేసి, స్పెషల్ పోస్టులో పంపిస్తున్నాను. అందలేదనడానికి లేదు.

నేను


స్టూడియో వెనక గది
సెప్టెంబరు 17

నీకు,

ఉత్తరం పదమూడునే అందింది. మొన్న ఇంటర్వ్యూ అయింది. ఇరవై నిమిషాలు పట్టింది. ఒక ఆఫీసరు, ఒక దుబాసీ, ఒక టైపు చేసే అమ్మాయి. మర్యాదగానే మాట్లాడారు. బయటికి వచ్చేటప్పుడు తలుపు దాకా వచ్చి పంపించారు.

అడిగినదానికి చెప్పాను. ఏం చెప్పానో రాసి నీ దగ్గర మెప్పు పొందాలని లేదు. ఫలితం వచ్చాక మాట్లాడుకుందాం.

నేను


వర్క్‌షాపు పైన గది
సెప్టెంబరు 29

అయ్యా,

నిన్న మీ అక్క ఫోన్ చేసింది. నీ నంబరు ఎత్తడం మానేశాను కానీ ఆవిడది ఎత్తాను. "అంతా లాయరుగారు చెప్పినట్టే జరిగిందట, మావాడు చెప్పాడు. ఇక నువ్వు కూడా ముఖం మాడ్చుకోవడం మానెయ్ అమ్మా" అంది. మాడ్చుకోవడానికి ఆ ముఖం మీరెక్కడ ఉండనిచ్చారు అని అడగబోయి ఊరుకున్నాను.

అంటే అదే చెప్పావన్నమాట. అడిగినదానికి చెప్పాను, మెప్పు వద్దు అని నీళ్లు నమిలినప్పుడే నాకు అనుమానం వచ్చింది. నిజం చెప్పినవాడు రెండు ముక్కల్లో రాస్తాడు, ఫలానాది చెప్పానని. తలుపు దాకా వచ్చి పంపించారట! లాయరు నేర్పిన ముక్క అప్పజెప్పితే ఎవరైనా పంపిస్తారు.

స్పాన్సర్‌షిప్ వెనక్కి తీసుకుంటున్నానని కాగితం రాశాను. రెండు వరుసలే పట్టింది, అరవై నాలుగు పేజీలు నింపడానికి మూడు నెలలు పట్టినా. మధ్యాహ్నం తిండి మానేసి స్వయంగా వెళ్లి కౌంటరులో ఇచ్చి, రసీదు తీసుకున్నాను.

ఇక ఉత్తరాలు రాయనక్కర్లేదు. ఫైలు లేదు.


వర్క్‌షాపు పైన గది
అక్టోబరు 14

నీకు,

ఇది నేను రాస్తున్నానని నాకే నమ్మకం కలగడం లేదు. రెండు వారాల నుంచి నీ ఫోన్లు, మెసేజీలు రాకుండా ఆపేశాను. నువ్వేం చెప్పబోయావో ఇప్పుడు తెలిసింది.

నిన్న ఆఫీసు నుంచి కవరు వచ్చింది. అందులో మూడు కాగితాలు, ఒకే పిన్నుతో గుచ్చి ఉన్నాయి. మొదటిది, అక్టోబరు ఒకటిన నీకు వీసా మంజూరైందని. రెండోది, అక్టోబరు ఆరున, స్పాన్సరు కోరిక మేరకు దాన్ని రద్దు చేశామని. మూడోది నీ ఇంటర్వ్యూ, ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు.

నేనది ఎన్నిసార్లు చదివానో చెప్పను. ఇక్కడ రాస్తున్నాను, నువ్వన్న మాటలు నీకే.

ప్రశ్న: ఛాయాచిత్రాలను ఎందుకు మార్చారు?
జవాబు: వృత్తి అలవాటని చెప్పమని మా లాయరు చెప్పారు. అది అబద్ధం. నా భార్య ముఖం నలుగురికీ చూపించడానికి సిగ్గుపడి మార్చాను.
ప్రశ్న: మీ భార్యకు ఇది తెలుసా?
జవాబు: తెలుసు. నేనే రాశాను. కానీ ఆమె పట్టుకున్నాకే రాశాను.
ప్రశ్న: ఆమె ఏమన్నారు?
జవాబు: చాలా తిట్టింది. ఇంకా తిడుతోంది.
ప్రశ్న: అంత కోపంగా ఉన్న వ్యక్తి దగ్గరికి మీరు ఎందుకు వెళ్లాలనుకుంటున్నారు?
జవాబు: ఇంత దూరం నుంచి క్షమించమంటే కుదరదండీ. ఎదురుగా కూర్చోవాలి. ఆమె గదిలో రెండు కుర్చీలున్నాయి.

ఇంతే ఉంది. కింద ఆఫీసరు తన చేత్తో రాశాడు, ఈ జవాబులు విశ్వసించదగినవి అని.

ఇవాళ పనికి వెళ్లలేదు. ఆఫీసు తెరవకముందే వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. అద్దం వెనక ఆయనకు నా కాగితం చూపించి, ఇది పొరపాటున ఇచ్చాను, వెనక్కి తీసుకుంటాను అన్నాను. "సంతకం మీదేనా?" అన్నాడు. నాదే అన్నాను. "ఎవరైనా బలవంతం చేశారా?" లేదన్నాను. "అయితే కొత్త దరఖాస్తు పెట్టుకోండి, మొదటి నుంచి" అన్నాడు. అరిచాను. బల్ల మీద కొట్టాను. ఒకాయన వచ్చి నన్ను మెల్లగా బయట కూర్చోబెట్టాడు, మంచినీళ్లు కూడా ఇచ్చాడు.

నీ మాట నమ్మలేదు. మీ అక్క చెప్పిన ఒక్క మాట నమ్మాను. నిన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. నువ్వు నన్ను ఇంతవరకూ ఒక్కసారి కూడా తిట్టలేదు. ఈసారి తిట్టు. నేను చదువుతాను.

నేను


అక్క ఇల్లు, ముందు గది
అక్టోబరు 25

నీకు,

తిట్టమన్నావు కాబట్టి తిట్టడం లేదు. తిట్టాలని ఉంది కాబట్టి తిడుతున్నాను.

నీకసలు బుద్ధుందా? నాలుగు రోజులు ఆగలేకపోయావా? నేను చెప్పానని రాశాను కదా, ఆ ముక్క నీకు ఆనలేదు. అక్క ఫోన్లో అన్నది మాత్రం ఆనింది. అక్కకు అలా చెప్పింది నేనే. ఆవిడ గుమ్మంలోనే పట్టుకుని ఏం చెప్పావు, ఏం చెప్పావు అని పీకుతుంటే, లాయరు చెప్పినట్టే అన్నాను, ఆవిడ నోరు మూయించడానికి. ఆవిడ ముందు ఆ మాట అనే ధైర్యం నాకు ఆ ఆఫీసరు ముందు వచ్చినంత తేలిగ్గా రాలేదు. నిజమే, అది నా తప్పు. కానీ నన్ను అడగడానికి నీకేమైంది? ఒక్క ఫోన్. ఒక్కటి! నిన్నటికి లెక్కపెట్టుకున్నాను, నూట పన్నెండుసార్లు చేశాను.

నువ్వు కౌంటరులో రసీదు తీసుకుని వచ్చావు. మరి నా సంగతి విను. మంజూరైందని మెసేజ్ వచ్చిన మధ్యాహ్నమే ఓనరుతో పని మానేస్తానని చెప్పాను. ఆయన సంతోషించి నా కుర్చీలో కొత్తవాణ్ని కూర్చోబెట్టాడు. స్టూడియో వెనక గది తాళం ఇచ్చేశాను. మంచం అమ్మేశాను. పెట్టె సర్దాను. ఆరో రోజు నీ ఉత్తరం వచ్చింది, ఫైలు లేదని. పెట్టె మీద కూర్చుని చదివాను, కూర్చోవడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి.

ఇప్పుడు నాకు ఉద్యోగం లేదు, గది లేదు, వీసా లేదు. పెళ్లాం ఉంది, ఆవిడ నన్ను వద్దని సంతకం పెట్టి ఇచ్చింది. ఎవరింట్లో ఉంటున్నానో పైన చూశావుగా. అక్క ఇంట్లో, ముందు గదిలో, సోఫా మీద. మా బావ టీవీ కట్టేసేదాకా నేను పడుకోవడానికి వీల్లేదు. ఇక్కడికి వచ్చిన రెండో రోజు అక్కకు ఇంటర్వ్యూలో ఏం చెప్పానో మొత్తం చెప్పాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు, "అంత మాట ఆఫీసులో రాయించావా" అంది. రాయించానన్నాను. మళ్లీ మాట్లాడటం మానేసింది. ఇంట్లో కాస్త ప్రశాంతంగా ఉంది.

నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. ఇంత కోపం నాకు ఎవరి మీదా రాలేదు. నేను నీ ముఖం చెరిపాను, ఒప్పుకున్నాను. నువ్వు ఒక్క సంతకంతో నన్ను మొత్తం చెరిపేశావు, అదీ నేను నిజం చెప్పి వచ్చాక. ఇద్దరం సరిసమానమయ్యామని అనకు, నాకింకా తగ్గలేదు. తగ్గినప్పుడు చెప్తాను.

కొత్త ఫారం తెచ్చాను. ఈసారి డెబ్భై పేజీలు, ఆరు పెంచారు. నా భాగం సగం నింపాను. నీ సంతకం పడాల్సిన చోట్లన్నీ పెన్సిల్‌తో గుర్తుపెట్టి ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. ఫొటోలు మన చుట్టాల ఫోన్లలోంచి ఏరాను. నీకు చూపించకుండా ఒక్కటీ పెట్టను. నువ్వు చూసి సరేనంటేనే పెడతాను.

సంతకాలు పెట్టి వెంటనే పంపు. మళ్లీ నీకు కోపం వస్తుంది, నాకు తెలుసు, ఈ ఉత్తరం చదివేసరికే సగం వచ్చి ఉంటుంది. వస్తే నాకు రాయి. ఎన్ని పేజీలైనా రాయి. వాళ్లకు మాత్రం రాయకు.

నీ
మొగుడు